ఎడమ కింది రెక్క

నేను ముప్పై ఒక్క ఏళ్లు విమానాలకు బట్ట కుట్టాను. ఈ మాట చెబితే మా గల్లీ పిల్లలు నవ్వుతారు. "అజ్జీ, విమానం లంగా కట్టుకుంటదా, ప్యాంటు తొడుక్కుంటదా?" అని అడుగుతారు, అదీ సగం మరాఠీలో. మన గల్లీ గ్రంథాలయం వాళ్లు ఈసారి ఉద్యోగాల నుంచి దిగిపోయినవాళ్లంతా తమ పని గురించి పిల్లల కోసం రాయాలన్నారు. ఆ ప్రశ్నకు ఇన్నాళ్లకు జవాబు రాసే అవకాశం దొరికింది. మీలో సగం మందికి తెలుగు అక్షరాలు రావని నాకు తెలుసు. వచ్చినవాళ్లు రానివాళ్లకు చదివి వినిపించండి.

ఇప్పటి విమానాలు రేకు విమానాలు. పాతవి అలా ఉండేవి కావు. కర్రతో చట్రం చేసి, దాని మీద అవిసె నార గుడ్డ తొడిగి, చేత్తో కుట్టేవాళ్లు. పైన డోప్ అనే మందు పూస్తే గుడ్డ ఆరుతూ ఆరుతూ బిగుసుకుని డప్పు చర్మంలా అయ్యేది. డోప్ మిగలపండిన అరటిపండ్ల వాసన వేసేది. మొదటి పూత ఎర్రగా ఉండేది. సాయంత్రం గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో దిగి ఇంటికి నడుస్తుంటే నా గోళ్లు చూసి, ఏ ఇంట్లో పెళ్లి అని అడిగేవాళ్లు. జుహూ దగ్గర చిన్న విమానాలు దిగే మైదానం ఉంది కదా, దాని అంచున ఒక షెడ్డులో మా పని. అక్కడ గుడ్డ ఖాతాలో, అంటే గుడ్డ పని విభాగంలో, మొత్తం ఇద్దరమే. నేను, మా కాకా.

కాకా నాకు చుట్టం కాదు. వర్లిలో తెలుగువాళ్ల చాల్‌లో, వరస గదుల బిల్డింగులో, ఉండేవాడు. ఆయన తండ్రి మగ్గం పని తెలిసినవాడు, తెలంగాణ నుంచి వచ్చి మిల్లులో చేరాడు. గుడ్డను బొటనవేలుతో రుద్ది దాని వయసు చెప్పే విద్య ఆయన నుంచే కాకాకు వచ్చింది. మా తాతది పాలమూరు వైపు. ఇటుకలూ రాళ్లూ మోయడానికి ఈ ఊరు వచ్చాడు. మా అమ్మ పాత చీరలు పొరలు పొరలుగా వేసి బొంతలు కుట్టి అమ్మేది. కాకా తన కూతురి కానుపుకు ఒక బొంత చెప్పడానికి మా ఒంటిగది ఖోలీకి వచ్చి, నేను కుట్టిన బొంతను తిరగేసి వెనక వైపు చూశాడు. ముందు వైపు చూడనే లేదు. "ఈ కుట్టు ఎవలదమ్మా?" అని అడిగాడు. మా అమ్మ నన్ను చూపించింది. "పోరిని రేపు నా ఎంబడి పంపియ్" అన్నాడు. అలా చేరాను.

నేను చెప్పబోయేది నా ఉద్యోగం చివరి ఏళ్లలో జరిగింది. అప్పటికి గుడ్డ విమానాలు దాదాపు లేవు. సీట్ల కవర్లు, కాన్వాసు మూతలు కుడుతూ రోజులు గడుపుతున్నాం. అలాంటప్పుడు ఒక చలికాలం ఉదయాన మూడు పెద్ద చెక్క పెట్టెలు వచ్చాయి. విప్పితే లోపల ఒక విమానం ఎముకలు ఉన్నాయి. రెండంతస్తుల రెక్కలది, యుద్ధ విమానాలు నడపబోయే కుర్రాళ్లు మొట్టమొదట ఎగరడం నేర్చుకోవడానికి ఇంగ్లండులో తయారైనది. ఏదో గిడ్డంగిలో ఎన్నో ఏళ్లు పడి ఉన్నదాన్ని ఒక పెద్దమనిషి కొన్నాడు. మళ్లీ ఎగరాలన్నాడు. జూన్ మొదటి ఆదివారం, వానలు రాకముందు, అతిథుల ఎదుట ఎగరాలని రోజు కూడా పెట్టేశాడు.

ఆ ఎముకల మీద చిన్న ఇత్తడి బిళ్ల ఒకటి ఉంది. దాని మీద తయారుచేసిన కంపెనీ పేరు. మా ఇన్‌స్పెక్టరు సాహెబు ఆ పేరుకు ఉత్తరం రాయాలని చూస్తే, ఆ పేరుతో ఇప్పుడు కంపెనీయే లేదని తెలిసింది. సాహెబు దాదర్ మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. మేం చేసిన ప్రతి పనినీ చూసి సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం. విమానంతో పాటు వచ్చిన పాత పని పుస్తకంలో రెక్క కుట్టే పద్ధతి ఉన్న పేజీ ఒక్కటే చినిగిపోయింది. అది లేకుండా సంతకం పెట్టనన్నాడు. ఎక్కడెక్కడికో రాశాడు. చివరికి ఆ కంపెనీలో పనిచేసి దిగిపోయిన ముసలివాళ్ల సంఘం ఒకటి ఉందని తెలిసి వాళ్లకు రాస్తే, పదిహేను రోజులకు ఆ పేజీ నకలు వచ్చింది. దాని అంచున పెన్సిలుతో వణుకుతున్న అక్షరాలు ఉన్నాయి. సాహెబు చదివి చెప్పాడు. "పంకా గాలి తగిలే చోట జాగ్రత్త" అని రాసి ఉందట.

ఆ జాగ్రత్త ఏమిటో చెప్పాలి, లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు. రెక్క లోపల వరసగా అడ్డ కర్రలుంటాయి. గుడ్డను వాటికి పట్టి ఉంచేది మా కుట్టే. మామూలుగా మూడు అంగుళాలకు ఒక కుట్టు, ఒక ముడి. విమానం ఒంటికి దగ్గరగా ఉండే నాలుగు కర్రల మీద మాత్రం ముక్కు దగ్గరి పంకా విసిరే గాలి నేరుగా కొడుతుంది. అక్కడ అంగుళంన్నరకే ఒక కుట్టు వేయాలి. ఇంతే. ఆ పేజీని నేనే గోడకు అంటించాను.

ఆ ఎండాకాలాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు కలలోకి నడిచి వెళ్లినట్టే ఉంటుంది. రెక్కను అంచు మీద నిలబెట్టేవాళ్లం. ఇటు నేను, అటు కాకా. మూరెడు సూదిని నేను ఇటు నుంచి గుచ్చితే ఆయన అటు అందుకుని, కర్ర పక్క నుంచి తిప్పి పంపేవాడు. డోప్ పూయని నార గుడ్డ వెలుతురును ఆపదు. షెడ్డు తలుపులోంచి పొద్దుటి ఎండ కాకా వెనక నుంచి పడేది. వారాల తరబడి ఆయన నాకు మనిషిగా కాదు, గుడ్డ మీద బంగారు రంగు వెలుగులో కదిలే నీడగా కనబడ్డాడు. ఆ నీడ చెయ్యి ఎత్తేది. సూది మొన ఒక చుక్కలా గుడ్డలోంచి బయటికొచ్చేది. ఇద్దరం మాట్లాడుకునేవాళ్లం కాదు. దారం గుడ్డలోంచి జారే సన్నని శబ్దం, సముద్రం వైపు నుంచి గాలి, ఎక్కడో ఒక ఇంజను. రైల్లో ఆడవాళ్ల పెట్టెలో నిలబడి వెళ్తున్నప్పుడు కూడా నా వేళ్లు ముడి వేస్తూనే ఉండేవి.

ఒక రోజు మధ్యాహ్నం గుడ్డ అవతలి నీడ ఉన్నట్టుండి మాట్లాడింది.

"దీన్ని నడిపే పైలట్ నాకు జబాన్ ఇచ్చిండు బిడ్డా."

"ఏమని కాకా?"

"మొదటి దినం ముందు సీట్ల నన్ను కూసోబెట్టుకుంటడంట. నలభై ఏండ్లు కుట్టిన. ఒక్కసారి గూడ ఎక్కలే."

జూన్ నెలాఖరుకే ఆయన పని నుంచి దిగిపోవాలి. ఇంత పని చేసిన మనిషి ఎప్పుడూ ఎగరలేదన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు. మర్నాటి నుంచి కాకా పని మానలేదు గానీ, భూమ్మీద మాత్రం లేడు. ఆయన భార్య చాల్ అంతా చెప్పేసింది. తెల్ల చొక్కా ఒకటి కుట్టించుకున్నాడు, పైన గాలికి చలి వేస్తుందేమోనని లోపల బనియన్లు రెండు వేసుకోవాలా అని నన్నే అడిగాడు.

మూడు రెక్కలు అయిపోయాయి. చివరిది ఎడమ కింది రెక్క. చివర నుంచి మొదలుపెట్టి విమానం ఒంటి వైపుకు వస్తున్నాం. ఆ రోజు మా గల్లీలో కొలతలు. బిల్డింగులన్నీ పడగొట్టి కొత్తవి కడతారని చిన్నప్పటి నుంచి వింటున్నాం, ఆ ఏడు నిజంగానే టేపులు పట్టుకుని మనుషులు వస్తున్నారు. ఖోలీ ఇంకా మా నాన్న పేరు మీదే ఉంది. కాగితాలు పట్టుకుని ఇంటి మనిషి ఎవరో ఒకరు నిలబడకపోతే ఆ ఖోలీ లెక్కలోకే రాదని పక్కింటివాళ్లు భయపెట్టారు. మా ఆయన బస్సు డ్యూటీలో ఉన్నాడు. నేను మధ్యాహ్నం సెలవు పెట్టాను. వెళ్లేలోపు రెక్క పూర్తి చేస్తే సాయంత్రం పొడిగాలిలో మొదటి పూత వేయొచ్చు, రేపటికి గాలి చెమ్మగిల్లిందంటే డోప్ పాలిపోయి తెల్లబడుతుంది. అందుకని చేతులు పరిగెత్తించాను. నా చేతులు రెక్క దగ్గర ఉన్నాయి, నేను మాత్రం మా ఖోలీ గడపలో టేపు పట్టుకున్నవాళ్లతో గొడవ పడుతున్నాను. గుడ్డ అవతలి నీడ ఆకాశంలో ఉంది. సూది వెళ్లింది, వచ్చింది.

సాయంత్రం నేను లేనప్పుడు సాహెబు వచ్చాడు. కాకా మాట మీద ఒక చూపు చూసి సంతకం పెట్టాడు. కుట్టు మీద పట్టీ అంటించారు, ఎర్ర పూత పడింది, కుట్టు మాయమైంది. మా ఖోలీ కొలతలకు ఆ రోజు ఎవరూ రాలేదు. అది వేరే సంగతి.

ఎగిరే రోజు ఆదివారం. దానికి ముందు బుధవారం ఆ పెద్దావిడ వచ్చింది.

పేజీ పంపింది ఆవిడేనట. ఆ కంపెనీలో గుడ్డ ఖాతాలో పనిచేసిందట. తమ విమానం మళ్లీ ఎగురుతుందని తెలిసి, ఎనభై దాటిన వయసులో, ఆ ఎండల్లో, ఒక్కతే బయలుదేరి వచ్చింది. చిన్న మనిషి, నార గుడ్డ లాంటి జుట్టు, కళ్లకు దళసరి అద్దాలు. విమానం అప్పటికి వెండి రంగు వేసుకుని షెడ్డు మధ్యలో నిలబడి ఉంది. ఆవిడ దాని దగ్గరికి ఎలా నడిచిందంటే, పురుడు జరిగిన ఇంట్లో పసిబిడ్డను చూడటానికి వెళ్లేవాళ్లు నడిచినట్టు నడిచింది. అద్దాలు తీసేసి, కళ్లు మూసుకుని, రెక్క మీద చెయ్యి పెట్టింది.

పట్టీ కింద ప్రతి ముడి దగ్గరా ఆవగింజంత ఉబ్బు ఉంటుంది. కంటికి ఆనదు. ఆవిడ వేళ్లు ఆ ఉబ్బుల మీద ఒకటొకటిగా నడిచాయి. పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది. కుడి పై రెక్క, కుడి కింది రెక్క, చుట్టూ తిరిగి ఎడమ వైపు. మేమందరం వెనక నిలబడి, ముసలామె మురిసిపోతోందని మురిసిపోతున్నాం. ఎడమ కింది రెక్క మొదట్లో ఆవిడ చెయ్యి ఆగింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ ముందుకు వచ్చింది. కళ్లు తెరిచి మా వైపు తిరిగి, మా అందరి చేతులూ చూసింది. గోళ్లలో ఎరుపు ఉన్నవి నావి, కాకావి. కాకా చేతులు వణుకుతున్నాయి, వయసు వల్ల. ఆవిడ నన్నే చూసింది. ఒక్క క్షణం. తర్వాత నవ్వి, బాగుంది, చాలా బాగుంది అన్నట్టు తల ఊపింది.

టీ తాగేటప్పుడు తమ కంపెనీ కథ చెప్పమని సాహెబు అడిగాడు. ఆవిడ ఇంగ్లీషులో చెబుతుంటే ఆయన హిందీలోకి మార్చి మాకు చెప్పాడు. ఒక ఊరి చివర, ట్రాములు పెట్టే పాత షెడ్డులో మొదలైందట ఆ కంపెనీ. విమానం చేయడం అప్పటికి ఎవరికీ రాదు. కర్ర పని తెలుసని పియానోలు చేసేవాళ్లను, కుట్టు తెలుసని గౌన్లు కుట్టే ఆడవాళ్లను పనిలో పెట్టుకున్నారట. మొదటి యుద్ధం వచ్చింది, షెడ్డు ఫ్యాక్టరీ అయింది. రెండో యుద్ధం వచ్చింది, ఫ్యాక్టరీ ఊరయింది. యుద్ధ విమానాలు, బాంబులు వేసేవి, నేర్పేవి, ఒకదాని వెనక ఒకటి తలుపులోంచి బయటికి వచ్చేవట. ఆవిడ తల్లి ఆ రోజుల్లో గుడ్డ ఖాతాలో కుట్టేది. బాంబుల భయానికి దీపాలు తగ్గించేసేవాళ్లు కాబట్టి కుట్లను వేళ్లతోనే లెక్కపెట్టేవాళ్లట. యుద్ధం అయిపోయాక పదిహేనేళ్ల పిల్లగా ఈవిడ చేరితే, తల్లి కళ్లకు గంతలు కట్టి నేర్పించిందట.

తర్వాత రేకు విమానాలొచ్చాయి, మంటతో ఎగిరేవి వచ్చాయి. గుడ్డ ఖాతా ఒక హాలు నుంచి ఒక మూలకు, మూల నుంచి ఒక బీరువాలోకి వచ్చింది. ప్రభుత్వం కంపెనీలన్నిటినీ కలిసిపొమ్మంది. గేటు మీద పేరు మారింది, మళ్లీ మారింది, తర్వాత గేటే లేదు. విమానాలు పరిగెత్తిన చోట ఇళ్లు లేచాయి. వీధులకు మాత్రం ఆ విమానాల పేర్లు పెట్టారట. ఆవిడ ఉండేది ఒక బాంబర్ విమానం పేరున్న వీధిలో.

"మా మిల్లు గూడ గట్లనే ఆయె," అన్నాడు కాకా టీ ఊదుకుంటూ. "మా నాయిన సాంచ మగ్గం నడిపిన కాడ ఇప్పుడు చెప్పుల దుకాణం ఉన్నది. ఏసీ గూడ ఉన్నది."

సాహెబు అది ఇంగ్లీషులో చెబితే ఆవిడ నవ్వింది. తర్వాత కప్పులోకి చూస్తూ మెల్లగా ఇంకొకటి చెప్పింది. సాహెబు దాన్నీ మాకు చెప్పాడు, తాను ఏం మోస్తున్నాడో తెలియకుండానే. ఒకసారి యుద్ధం రోజుల్లో వాళ్లమ్మ తొందరలో ఒక తోక ముక్కను కుట్లు సరిగా లెక్కపెట్టకుండా పంపేసిందట. ఇంటికి వెళ్లాక గుర్తొచ్చింది. మర్నాడు వెళ్లేసరికి విమానం వెళ్లిపోయింది. దానికి ఏమన్నా అయిందో, ఏమీ కాలేదో, ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. ముసలితనంలో మంచాన పడ్డాక కూడా దుప్పటి అంచు మీద ఆమె వేళ్లు లెక్కపెడుతూ ఉండేవట.

చెప్పడం అయిపోయాక ఆవిడ నా చెయ్యి తీసుకుని, వేళ్ల కొసలు ఒకసారి నొక్కి వదిలేసింది. అంతే. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు తేలికగా ఉండేది.

అందరూ ఆవిడను సాగనంపడానికి వెళ్లినప్పుడు నేను రెక్క దగ్గరికి వెళ్లాను. కళ్లు మూసుకుని వేళ్లు నడిపించాను. బయటి వైపు మూడు అంగుళాలు, మూడు అంగుళాలు. లోపలికి వచ్చాను. మూడు. మూడు. నాలుగు కర్రల మీదా మూడే. షెడ్డులో ఎండ అలాగే ఉంది, విమానం అలాగే మెరుస్తోంది. ఆ సాయంత్రం రైలు గ్రాంట్ రోడ్‌లో ఆగినా దిగలేదు. చివరి స్టేషన్ దాకా పోయి, ఎదురు రైలెక్కి వెనక్కి వచ్చాను.

గురువారం పొద్దున కాకాకు చెప్పాను. రెక్క మీద పెయింటు మరకలు తుడుస్తున్నాడు. గుడ్డ ముక్క చేతిలో ఆగిపోయింది.

"ఎవలకన్న చెప్పినవా?"

"లేదు కాకా."

"మరి చెప్పకు."

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన నన్ను చూడలేదు.

"పది నిమిషాల పని," అన్నాడు. "ఒక్క చక్కర్ కొట్టి దిగుతది. ఇది ఉరికే విమానం కాదు, సైకిల్ తీర్గ పోతది. నా జిందగీల ఇంతకంటె ఖరాబ్ కుట్టు ఎగరంగ చూసిన. ఏం గాదు."

"మీరే ఎక్కుతున్నరు గదా కాకా."

"ఎక్కేది నేను గదా! నాకు లేని భయం నీకెందుకే?"

అంత గట్టిగా ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. తర్వాత ఇద్దరం రోజంతా చెరో మూల పనిచేసుకున్నాం. మధ్యాహ్నం అన్నం డబ్బా కూడా విడిగా తిన్నాం. సాయంత్రం వెళ్లేటప్పుడు చూస్తే కాకా ఎడమ కింది రెక్క పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అరచెయ్యి గుడ్డకు ఆనించి, జ్వరం చూస్తున్నట్టు ఉన్నాడు. నేను పలకరించకుండా వచ్చేశాను.

ఆ రోజు నేను ధైర్యంగా ఉన్నానని రాయాలని ఉంది. లేను. ఆయన మాట నమ్మాలని చాలా ప్రయత్నించాను. పది నిమిషాలే కదా అని నాకు నేను పది సార్లు చెప్పుకున్నాను. చివరికి, రేపు పొద్దున్నే వెళ్లి సాహెబుకు చెప్పేస్తాను, కాకా నా ముఖం జన్మలో చూడకపోయినా సరే అనుకున్నాను. అలా అనుకున్నాక నిద్ర పట్టింది.

శుక్రవారం మామూలు కంటే రెండు రైళ్లు ముందు వెళ్లాను. షెడ్డు తలుపు అప్పటికే తీసి ఉంది. కాకా విమానం పక్కన నిలబడి ఉన్నాడు, చేతిలో గుడ్డ కోసే బ్లేడు. ఎడమ కింది రెక్క మీద, ఒంటి దగ్గరి నుంచి నాలుగో కర్ర దాకా, వెండి గుడ్డ నిలువునా చీలి ఉంది. అంచులు పెదాల్లా తెరుచుకుని లోపలి కర్రలు కనబడుతున్నాయి. బిగువుగా ఉన్న గుడ్డను కోస్తే అది తనంతట తానే ముడుచుకుంటుంది. ఆరు వారాల పని అలా ముడుచుకుంటుంటే చూడటం ఎలా ఉంటుందో చెప్పలేను.

"కోసేసిన," అన్నాడు కాకా. "ఇంకో గంట చూస్తుంటే కొయ్యకపోదును. మనిషి బుద్ధి గట్లుంటది. అందుకే జల్ది వచ్చిన."

నాకు ఏడుపొచ్చింది. ఆయన విసుక్కున్నాడు. "ఏడ్వకే. పట్టకార తే, దారాలు పీకుదాం."

సాహెబు వచ్చేసరికి మేం దారాలు పీకుతున్నాం. ఆయన తలుపు దగ్గరే నిలబడిపోయాడు. కాకా లేచి, తప్పు నాది సాహెబ్, కళ్లు కనబడటం లేదు, కుట్టు దూరం పడింది అన్నాడు. నేను అడ్డుపడి, సూది పంపింది నేను, గుర్తులు పెట్టుకుంది నేను, తప్పు నాది అన్నాను. కాకా, నువ్వు ఊరుకో అన్నాడు. నేను ఊరుకోనన్నాను. సాహెబు వచ్చి పనిముట్ల పెట్టె మీద కూర్చున్నాడు. జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "సంతకం నాది" అన్నాడు హిందీలో. "చూడకుండా పెట్టాను. ఆదివారం దగ్గరపడిందని పెట్టాను."

ముప్పై ఒక్క ఏళ్లలో తప్పును ఒకరి మీద ఒకరు తోసుకోవడం ఎన్నోసార్లు చూశాను, నేనూ తోశాను. దాన్ని ముగ్గురం మా వైపు లాక్కోవడం మాత్రం ఆ ఒక్కసారే చూశాను.

పిల్లలూ, నిజం చెబితే అందరూ భుజం తట్టారని రాస్తాననుకుంటున్నారేమో. అలా ఏమీ జరగలేదు. పెద్దమనిషి అతిథులందరికీ ఫోన్లు చేసుకోవలసి వచ్చింది. ఆయన కేకలు షెడ్డు బయటి దాకా వినబడ్డాయి. సాహెబు తన మీద తానే రిపోర్టు రాసుకున్నాడు, ఆయన సంతకం అధికారం కొంతకాలం తీసేశారు. నాకు హెచ్చరిక కాగితం ఇచ్చి, నాలుగు నెలలు సూది ముట్టవద్దన్నారు. పట్టీలు కత్తిరించే పని చేశాను. కాకా నెలాఖరున దిగిపోయాడు. శాలువా కప్పారు, కొబ్బరికాయ ఇచ్చారు. తెల్ల చొక్కా ఆ సభకు వేసుకొచ్చాడు. అంతకు ముందే, ఎగరాల్సిన ఆదివారం దాటిన వారంలోనే, వానలు మొదలై రెక్క పని ఆగిపోయింది.

ఆ కుట్టు అలాగే ఉండి ఎగిరితే ఏమయ్యేదని ఇప్పటికీ అడుగుతారు. ఏమీ అయ్యేది కాదేమో. గుడ్డ ఊడి వచ్చేదేమో. నాకు తెలియదు. ఆ కుట్టు విప్పేశాం కాబట్టి, తెలియకపోవడమే నాకు తేలికయింది. ఆ పెద్దావిడ తల్లికి మాత్రం అదే భారమైంది. సాహెబు ఆవిడకు జరిగింది రాస్తే ఒక కార్డు వచ్చింది. దాని మీద ఒక్క మాటే ఉంది. థాంక్యూ. అది నా పేరున వచ్చింది.

వానలు వెలిశాక, అక్టోబరులో, రెక్క మళ్లీ కుట్టాం. నాకు సూది తిరిగి ఇచ్చారు. ఈసారి గుడ్డ అవతల ఇంకొకరి నీడ. అంగుళంన్నరకు ఒకటి. సాహెబు పట్టీ వేసేదాకా పక్కనే నిలబడి ప్రతి కుట్టూ వేలితో చూశాడు. అతిథులు లేరు, బ్యాండు లేదు. ఒక మంగళవారం పొద్దున ఎగురుతుందన్నారు. పని నుంచి దిగిపోయినవాళ్లను మైదానంలోకి రానివ్వరు. కాకాకు పాసు కోసం సాహెబు రెండు చోట్ల అడిగినా దొరకలేదు. నేను ఆ రోజు సెలవు పెట్టి, వర్లి వెళ్లి కాకాను తీసుకుని జుహూ సముద్రం ఒడ్డుకు వచ్చాను. విమానం లేస్తే అటు నుంచే తిరగాలి.

పొద్దుటి ఇసుక చల్లగా ఉంది. ఒకరిద్దరు గుర్రాలు నడిపించుకుంటూ పోతున్నారు. నీళ్ల మీద పలచని పొగమంచులాంటిది ఉంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత తాటిచెట్ల వెనక నుంచి కుట్టు మిషను తొక్కుతున్నట్టు ఒక శబ్దం మొదలైంది. వెండి రంగు విమానం ఇళ్ల మీదుగా తేలి వచ్చింది. నిజంగానే సైకిలు మీద వచ్చినట్టు, తొందర లేకుండా వచ్చింది. మా తల మీద తిరిగేటప్పుడు ఎడమ వైపు వాలింది. ఎడమ కింది రెక్క మొత్తం ఎండలో తెరిచిన అరచెయ్యిలా కనబడింది. ఒక్క ముడత లేదు.

"కాకా, చూడండి, చూడండి!" అన్నాను.

తిరిగి చూస్తే ఆయన రెండు కళ్లూ గట్టిగా మూసుకుని, తల కొంచెం వెనక్కి వాల్చి, రెండు చేతులతో ముందు ఏదో పట్టుకున్నట్టు నిలబడి ఉన్నాడు. గాలికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"కండ్లు తెర్వండి కాకా. పోతున్నది."

"ఉండు," అన్నాడు. "తెరిస్తే ఈడనే ఉంట."

విమానం సముద్రం మీద పెద్ద సున్నా చుట్టింది. ఇంకొకటి చుట్టింది. శబ్దం దగ్గరయింది, దూరమైంది, మైదానం వైపు తగ్గుతూ తగ్గుతూ పోయి ఆగిపోయింది. అలల చప్పుడు మళ్లీ వినబడింది. కాకా కళ్లు ఇంకా మూసుకునే ఉన్నాడు.

"దిగినమా బిడ్డా?" అన్నాడు.

మేం ఉన్న చోటి నుంచి మైదానం కనబడదు.

"దిగినం కాకా," అన్నాను. "మెల్లగ దిగినం."